దెబ్బ ఎప్పుడు చెరిగిపోతుంది? ఒక కార్డుల ఆటలో దాగిన లెక్క

పులిజూదంలో గాయపడిన మేక ఉండదు. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే ఆ ఆటలో మేక బతికైనా ఉంటుంది, పులి నోట్లోకైనా పోతుంది. చదరంగంలోనూ అంతే. ఏనుగును మంత్రి కొట్టినా, బంటు కొట్టినా ఒకటే చావు. కుంటుతున్న గుర్రం, సగం ప్రాణం మిగిలిన ఏనుగు ఆ గళ్లలో ఎక్కడా కనిపించవు. పాత బల్ల ఆటలు చాలావరకు చావును లెక్కపెట్టాయి గానీ దెబ్బను కొలవలేదు.

దెబ్బకు అంకె ఇవ్వాలన్న ఆలోచన యుద్ధ నమూనా ఆటల నుంచి వచ్చింది. ఒక ఓడ ఎన్ని గుండ్లు తిని మునుగుతుందో లెక్కించే పద్ధతి నౌకాయుద్ధ ఆటల్లో ఉండేది. దాన్ని డేవ్ ఆర్నెసన్ మనుషులకూ రాక్షసులకూ అన్వయించాడు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి ఆయన రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడింది. ఈనాటి మొబైల్ ఆటల్లో పాత్ర తల మీద తగ్గుతూ కనిపించే ఎర్రగీతకు మూలం అక్కడే.

ఆ ఆలోచనను మరో మలుపు తిప్పినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితజ్ఞుడు. కాంబినేటరిక్స్ అంటే అమరికలనూ ఎంపికలనూ లెక్కించే గణితశాఖ. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది అందులోనే. 1993లో ఆయన తయారుచేసిన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ విడుదలైంది. ఎవరి కార్డుల కట్ట వారే కూర్చుకుని, మంత్రాలు వేసి, ప్రాణులను పిలిచి ఎదుటివారి 20 జీవాంకాలను సున్నాకు తెచ్చే ఆట ఇది. పోకేమాన్, యు-గి-ఓ కార్డుల ఆటలు దీని తర్వాతే వచ్చాయి. ఈ ఆటలో ప్రాణికి దెబ్బ తగిలినప్పుడు ఏం జరుగుతుందన్న చిన్న విషయంలో సైన్సు చదివేవారు తప్పక చూడాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ‘కార్డులు’ అన్న మాట వినగానే ముఖం చిట్లించే అలవాటు వల్ల అవి మన తరగతి గదుల దాకా రావడం లేదు.

ప్రాణి కార్డు కింద మూలన రెండు అంకెలుంటాయి. 3/3 అనో, 2/2 అనో. మొదటిది బలం, అంటే అది ఎంత దెబ్బ కొట్టగలదన్నది. రెండోది గట్టిదనం, అంటే ఎంత దెబ్బ తిని పడిపోతుందన్నది. 3/3 ప్రాణి దాడికి వచ్చింది, 2/2 ప్రాణి అడ్డు నిలిచింది అనుకుందాం. రెండూ ఒకేసారి కొట్టుకుంటాయి. రెండోదానికి 3 దెబ్బ తగిలింది, దాని గట్టిదనం 2 కాబట్టి చచ్చింది. మొదటిదానికి 2 దెబ్బ తగిలింది, గట్టిదనం 3 కాబట్టి నిలిచింది.

నిలిచిన ఆ ప్రాణి ఇంకా 3/3గానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఇక్కడే. 2 దెబ్బ తగిలింది కాబట్టి ఇక అది 3/1 అనుకుంటారు. కాదు. గట్టిదనం తగ్గలేదు, దాని మీద 2 దెబ్బ ‘రాసి ఉంది’, అంతే. బ్యాంకులో అప్పు తీసుకుంటే ఆస్తి తగ్గిపోదు, పక్కన ఇంకో పద్దు మొదలవుతుంది. ఆ రెండు పద్దులు సమానమైన క్షణాన ప్రాణి పోతుంది. ఆ వంతులోనే ఎవరైనా 2 దెబ్బ కొట్టే చిన్న మంత్రం వేస్తే ఈ 3/3 ప్రాణి చస్తుంది. కానీ వంతు ముగిస్తే కథ వేరు. వంతు చివర శుభ్రం చేసే దశ ఒకటుంది. అక్కడ ప్రాణుల మీద రాసి ఉన్న దెబ్బలన్నీ తుడిచేస్తారు. తర్వాతి వంతులో అదే మంత్రం దాన్ని ఏమీ చేయలేదు. సూర్యాస్తమయంతో యుద్ధం ఆపి శిబిరానికి వెళ్లి, మర్నాడు మళ్లీ రథమెక్కే కురుక్షేత్ర వీరుల పద్ధతిలాంటిది ఇది.

అంకెను నేరుగా తగ్గించకుండా రెండు పద్దులు ఎందుకు పెట్టారు? ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. ‘జెయింట్ గ్రోత్’ అనే పాత మంత్రం కార్డు ఒక ప్రాణికి ఆ వంతు ముగిసేదాకా +3/+3 ఇస్తుంది. 2/2 ఎలుగుబంటి 5/5 అయింది, పోరులో 4 దెబ్బ తిన్నది, బతికింది. ఇప్పుడు వంతు ముగుస్తోంది. ముందుగా మంత్రబలం పోయి, ఆ తర్వాత దెబ్బ తుడిస్తే? మధ్యలో ఒక్క క్షణం అది 4 దెబ్బ తిన్న 2/2 ఎలుగుబంటి. యుద్ధం గెలిచి పడుకోబోతూ చచ్చిపోవాలి. అందుకే ఆ రెండూ ఒకే క్షణంలో జరుగుతాయని నియమం గట్టిగా చెబుతుంది. ఆ ఒక్క ‘ఒకేసారి’ లేకపోతే ఆ కార్డును పోరులో వాడడమే దండగయ్యేది.

దెబ్బకూ బలహీనతకూ ఉన్న తేడా కూడా ఈ రెండు పద్దుల్లోనే ఉంది. 4/4 ప్రాణి మీద 3 దెబ్బ రాసి ఉంది. కొత్తగా ఎవరూ కొట్టలేదు, ఒక మంత్రం దాని గట్టిదనాన్ని మాత్రం 1 తగ్గించింది. ఇప్పుడు గట్టిదనం 3, దెబ్బ 3. ప్రాణి చచ్చింది. ‘నాశనం కాని’ ప్రాణులు కొన్ని ఉంటాయి, ఎంత దెబ్బ తిన్నా చావవు. కానీ గట్టిదనం సున్నాకు పడితే వాటికీ చావు తప్పదు, ఎందుకంటే అది వేరే నియమం. చావుకు రెండు దారులున్నాయని, అవి కలుస్తాయి గానీ ఒకటి కావని ఆట స్పష్టంగా చెబుతుంది. అదే జ్వరం ఇంట్లో కుర్రవాడిని వదిలి తాతను ఎందుకు తీసుకుపోయిందో వివరించేటప్పుడు వైద్యులు చెప్పేది దాదాపు ఇదే.

ఇతర ఆటలతో పోలిస్తే ఈ ఎంపిక ఎంత ప్రత్యేకమో తెలుస్తుంది. పోకేమాన్ కార్డుల ఆటలో దెబ్బ చెరిగిపోదు. ప్రాణి పక్కన చిన్న బిళ్లలు పెట్టి లెక్క ఉంచుతారు, వెనక్కి పిలిచినా ఆ బిళ్లలు దానితోనే వెళ్తాయి. యు-గి-ఓలో దెబ్బ రాసి ఉంచడమే లేదు. రెండు ప్రాణులు దాడి స్థితిలో ఢీకొంటే దాడి అంకె తక్కువ ఉన్నది పోతుంది, తేడా మాత్రం దాని యజమాని జీవాంకాల నుంచి తగ్గుతుంది. గెలిచినదానికి గీత కూడా పడదు.

ఈ మూడు పద్ధతులూ మూడు వేర్వేరు ప్రపంచాలు. చీమలన్నీ చుట్టుముట్టి పామును చంపిన సంగతి సుమతీ శతకం చదివినవారందరికీ తెలుసు. పాము 4/4, చీమలు ఆరు, ఒక్కొక్కటి 1/1 అనుకుని లెక్క చూడవచ్చు. యు-గి-ఓ ప్రపంచంలో ఆ పద్యం అబద్ధం. ఒక్కో చీమ 1, పాము 4. ఆరు వచ్చినా అరవై వచ్చినా పాముకు ఏమీ కాదు. పోకేమాన్ ప్రపంచంలో చీమలు రోజుకొకటి చొప్పున వచ్చినా నాలుగో రోజుకు పాము చస్తుంది, నాలుగు చీమలు పోతాయి, రెండు మిగులుతాయి. మ్యాజిక్ ప్రపంచంలో రోజుకొకటి వస్తే ఆరు చీమలూ దండగ. రాత్రికి పాము దెబ్బ చెరిగిపోతుంది. ఆరూ ఒకే వంతులో కలిసి మీద పడితే 6 దెబ్బ పడుతుంది, పాము చస్తుంది. పాము తన 4 దెబ్బను పంచి నాలుగు చీమలను చంపుతుంది, రెండు మిగులుతాయి. ఐకమత్యం గురించిన నీతి నిజంగా నిజమయ్యేది ఈ మూడో ప్రపంచంలోనే. పోకేమాన్ లెక్కలో ఓపిక చాలు, ఐకమత్యం అక్కర్లేదు.

బలగాలను ఒకచోట, ఒకే సమయంలో పెట్టడం ఎందుకు లాభమో 1916లో ఫ్రెడెరిక్ లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజినీరు గణిత సమీకరణాలతో చూపించాడు. ఒకరిమీద అందరూ గురిపెట్టగల పోరులో బలగం శక్తి సంఖ్యతో కాక సంఖ్య వర్గంతో పెరుగుతుందన్నది ఆయన నియమం. మ్యాజిక్ ఆడే పదకొండేళ్ల పిల్లకు ఆ సమీకరణం తెలియదు. కానీ చిన్న ప్రాణులను ఒక్కొక్కటిగా పంపకూడదని మాత్రం రెండో ఆటకే తెలిసిపోతుంది.

గార్ఫీల్డ్ ఆట దెబ్బను తుడిచేయడం వల్ల ఒక ఆచరణాత్మక లాభం ఉంది. బల్ల మీద పది ప్రాణులుంటే పదింటి దెబ్బలనూ రోజుల తరబడి గుర్తుంచుకోవడం మనిషికి కష్టం. స్వల్పకాల జ్ఞాపకంలో మనిషి దాదాపు ఏడు అంశాలను మాత్రమే పట్టి ఉంచగలడని జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసం చెప్పింది. ఆ తర్వాతి పరిశోధకుల్లో కొందరు ఆ సంఖ్యను నాలుగుకు దించారు. కంప్యూటరు మీద 2014లో వచ్చిన ‘హార్త్‌స్టోన్’ ఆటలో దెబ్బ చెరగదు. అక్కడ గుర్తుపెట్టుకునే పని యంత్రానిది. ఒకే రకం ఆటలో కాగితం మీద ఒక నియమం, తెర మీద ఇంకో నియమం ఎందుకున్నాయో ఆలోచిస్తే ఒక విషయం కనిపిస్తుంది. ఏ నమూనా అయినా ప్రపంచాన్ని ఉన్నది ఉన్నట్టు చూపదు. లెక్కపెట్టేవాడి శక్తిని బట్టి కొన్ని వదిలేస్తుంది. వాతావరణ నమూనాలు, అంటువ్యాధుల నమూనాలు చేసేదీ ఇదే. ఏది వదిలేశారో తెలియకుండా నమూనాను నమ్మడంలోనే ప్రమాదం.

‘వంతు చివర చెరిగిపోయే దెబ్బ’ ఊహా ప్రపంచానిదని తీసిపారేయడానికి లేదు. తెలుగులో వడదెబ్బ అన్న మాటే ఉంది. పగలంతా ఎండలో పనిచేసిన శరీరం రాత్రి చల్లదనంలో తేరుకుంటుంది. అదే దాని శుభ్రం చేసే దశ. రాత్రి కూడా వేడి తగ్గకపోతే ఆ దశ సరిగా జరగదు. మర్నాడు శరీరం నిన్నటి బాకీతో మొదలవుతుంది. భారత వాతావరణ విభాగం పగటి ఉష్ణోగ్రతతో ఆగకుండా ‘వెచ్చని రాత్రి’ని కూడా వేరుగా నిర్వచించింది. పగటి గరిష్ఠం 40 డిగ్రీలు, ఆపైన ఉన్న చోట రాత్రి కనిష్ఠం సాధారణం కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే అది వెచ్చని రాత్రి. 2015 వేసవిలో దేశంలో వడగాడ్పులకు 2 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. అయినా వేసవి వార్తల్లో పెద్ద అక్షరాల్లో వచ్చేది పగటి అంకె ఒక్కటే. మ్యాజిక్ ఆడిన పిల్లవాడికి ‘ఈ రోజు దెబ్బ ఎంత’ అన్న ప్రశ్నతో పాటు ‘రాత్రికి తుడుచుకుపోయిందా’ అన్న ప్రశ్న కూడా సహజంగా తోస్తుంది.

చెరిగే దెబ్బ, చెరగని దెబ్బ అన్న తేడా మందులకూ విషాలకూ వర్తిస్తుంది. పారాసిటమాల్ గరిష్ఠ మోతాదును 24 గంటల లెక్కన చెబుతారు. అది మ్యాజిక్ పద్ధతి. సీసం ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. అది పోకేమాన్ పద్ధతి. రేడియేషన్ దగ్గర పనిచేసేవారికి అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టిన పరిమితి ఈ రెంటినీ కలిపిన రకం. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. అంటే వంతుకొక పద్దు, ఐదు వంతులకు ఇంకో పద్దు. ఆటలో ఇలాంటి నియమం పెడితే ఆటగాళ్లు గొణుగుతారేమో గానీ, అర్థం మాత్రం వెంటనే చేసుకుంటారు.

ఇక ‘ఒకేసారి’ అన్న మాట సంగతి. పోరులో దెబ్బలన్నీ ఒకేసారి పడతాయన్నది మ్యాజిక్ మూల నియమాల్లో ఒకటి. వరసగా పడితే ముందు ఎవరిని లెక్కపెట్టారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. గణితంలో దీనికి దగ్గరి బంధువు జాన్ కాన్వే రూపొందించి 1970లో లోకానికి తెలిసిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’. గళ్ల కాగితం మీద ప్రతి గడీ తన చుట్టూ ఉన్న ఎనిమిది గడులను చూసి బతకాలో చావాలో నిర్ణయించుకుంటుంది. అన్నీ ఒకే క్షణంలో మారాలి. ఎడమ నుంచి ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే అక్కడ పుట్టే ఆకారాలన్నీ చెదిరిపోతాయి. కంప్యూటర్ రంగంలో ఈ సమస్య రోజూ ఎదురవుతుంది. రైల్లో ఒకే బెర్తు మిగిలి ఉండి ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఎవరిది ముందు అన్న ప్రశ్నకు వ్యవస్థ దగ్గర స్పష్టమైన జవాబు ఉండాలి.

మ్యాజిక్ ఆ జవాబును పకడ్బందీగా ఇస్తుంది. కొన్ని ప్రాణులకు ‘ముందుదెబ్బ’ శక్తి ఉంటుంది. అప్పుడు పోరు రెండు దశలవుతుంది. మొదటి దశలో అవి కొడతాయి. రెండో దశలో మిగిలి ఉన్నవి కొడతాయి. పై లెక్కలో పాముకు ముందుదెబ్బ ఉంటే అది ముందే నాలుగు చీమలను చంపేస్తుంది. మిగిలిన రెండు చీమలు 2 దెబ్బ వేస్తాయి. పాము బతికిపోతుంది. అంకె ఒక్కటి కూడా మారలేదు, కాలం మాత్రమే మారింది.

ఆట నియమాల చరిత్రలో పెద్ద తగువు కూడా కాలం గురించే వచ్చింది. 1999 నుంచి 2009 దాకా పోరు దెబ్బను ‘స్టాక్’ మీద పెట్టేవారు. స్టాక్ అంటే కంచాల దొంతర లాంటిది. చివర పెట్టిందే ముందు తీయాలి. కంప్యూటర్ సైన్సులో మొదటి ఏడాది విద్యార్థికి చెప్పే పాఠమే ఇది. దెబ్బ దొంతర మీదకు ఎక్కాక, అది పడేలోపు ఆటగాళ్లు మంత్రాలు వేసుకోవచ్చు. దీంతో ఒక చిత్రం జరిగేది. ‘మాగ్ ఫనాటిక్’ అనే 1/1 ప్రాణి ఉంది. దాన్ని బలి ఇస్తే ఎవరికైనా 1 దెబ్బ తగులుతుంది. అది 2/2 ప్రాణికి అడ్డు నిలిచి, తన 1 దెబ్బ దొంతర మీదకు ఎక్కగానే బలైపోయేది. బలి దెబ్బ 1, ముందే బయలుదేరిన పోరు దెబ్బ 1, మొత్తం 2. తన కన్నా రెట్టింపు ప్రాణిని చంపి పోయేది. తాను చచ్చాక కూడా కొట్టేదన్నమాట.

2009 జులైలో వచ్చిన నియమాలతో ఇది ఆగిపోయింది. దెబ్బ దొంతర ఎక్కదు, నేరుగా పడుతుంది. ఇక మాగ్ ఫనాటిక్ పోరాడనైనా పోరాడాలి, బలైనా కావాలి, రెండూ కుదరవు. పాత ఆటగాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. ఆటలో లోతు పోయిందన్నారు. వారి వాదనలో పస లేకపోలేదు. విల్లు నుంచి బాణం వెళ్లాక విలుకాడు చచ్చినా బాణం ఆగదు కదా! కానీ ఆ వాదన విలుకాడికి సరిపోతుంది గానీ ఎలుగుబంటికి సరిపోదు. పంజాతో కొట్టే ఎలుగుబంటి మాయమైతే పంజా ఒక్కటే గాల్లో మిగలదు. ఏ భౌతిక ఊహకూ పూర్తిగా అందని నియమాన్ని అలవాటైనవాళ్లు ‘లోతు’ అంటారు, కొత్తవాళ్లు ‘మోసం’ అనుకుంటారు. ఆ మార్పు సరైనదే. నియమం తెలిసినవాడికి మాత్రమే లాభించే సందులను మూసేయడం వల్ల ఆట చిన్నదైపోలేదు, పోటీ ఎత్తుగడల మీదికి మళ్లింది.

ఆ మార్పుతో పాటే ఒక కొత్త నియమం వచ్చింది. ఒక దాడిప్రాణికి ఇద్దరు ముగ్గురు అడ్డు నిలిస్తే, దెబ్బ ఏ వరసలో పంచుతారో దాడిచేసేవాడు ముందే ప్రకటించాలి. 5 బలం ఉన్న ప్రాణికి రెండు 3/3 ప్రాణులు అడ్డొస్తే, వరసలో మొదటిదానికి 3 ఇచ్చాకే రెండోదానికి 2 ఇవ్వాలి. వరస తెలిసిపోవడంతో అడ్డుకునేవాడు మొదటిదాని మీద రక్షణ మంత్రం వేసేవాడు. 2024 నవంబరులో ఈ వరస నియమాన్ని కూడా తీసేశారు. ఇప్పుడు దెబ్బ వేసే క్షణంలోనే ఇష్టమొచ్చినట్టు పంచవచ్చు. ఇక్కడ మారింది దెబ్బ లెక్క కాదు, ఎవరికి ఏ సమాచారం ఎప్పుడు తెలుస్తుందన్నది. అడ్డుకునేవాడి చేతిలోని ఒక ఆయుధం దాడిచేసేవాడి చేతికి వెళ్లింది. వేలంపాటలో సీలు కవరుకూ బహిరంగ పాటకూ ఉన్న తేడా లాంటిదే ఇది. ఇది మంచి మార్పా అన్నది అంత తేలిగ్గా తేలదు. నేర్పడం సులువైన మాట నిజం. ముందే మాట ఇచ్చి దానికి కట్టుబడడంలో ఉన్న ఉత్కంఠ పోయిన మాటా నిజమే.

200 పేజీలకు మించిన నియమావళి ఉన్న ఆటను కంప్యూటర్ శాస్త్రవేత్తలు వదిలిపెడతారా? ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివి ఆస్ట్రియాలో పరిశోధన చేస్తున్న కృష్ణేందు ఛటర్జీ, రాస్మస్ ఇబ్‌సెన్-యెన్సెన్ కలిసి 2016లో ఒక ఫలితం ప్రకటించారు. చదరంగంలో గొప్ప ఎత్తు కనుక్కోవడం కష్టం గానీ, వేసిన ఎత్తు నియమబద్ధమో కాదో చెప్పడం చిన్నపిల్లల పని. మ్యాజిక్‌లో కొన్ని కార్డులు బల్ల మీదుంటే అది కూడా గణనపరంగా కఠినమైన సమస్యల కోవలోకి వెళ్తుందని వారు నిరూపించారు.

అంతకన్నా పెద్ద ఫలితం 2019లో వచ్చింది. అలెక్స్ చర్చిల్, స్టెల్లా బిడర్‌మన్, ఆస్టిన్ హెరిక్ కలిసి పోటీల్లో అనుమతించే కార్డులతోనే ఒక ట్యూరింగ్ యంత్రాన్ని కట్టి చూపారు. అలన్ ట్యూరింగ్ 1936లో ఊహించిన ఆ యంత్రానికి ఒక పొడవాటి పట్టీ, దానిమీద గుర్తులు, వాటిని చదివి మార్చే తల ఉంటాయి. మ్యాజిక్‌లో పట్టీ ఎక్కడుంది? ప్రాణులే పట్టీ. ఏ జాతి ప్రాణి అన్నది గుర్తు. దాని బలం, గట్టిదనం అన్నవి తల నుంచి అది ఎంత దూరంలో ఉందో చెబుతాయి. తల కింద ఉన్నది 2/2, దాని పక్కది 3/3, ఆ పక్కది 4/4. ఒక మంత్రం అందరికీ గట్టిదనం 2 తగ్గించగానే 2/2 ఒక్కటే చస్తుంది. దాని చావును చూసి ఇంకో కార్డు కొత్త ప్రాణిని పుట్టిస్తుంది, అంటే కొత్త గుర్తు రాస్తుంది. నేలపడ్డ రక్తపు బొట్టు నుంచి మరో రాక్షసుడు లేచే రక్తబీజుడి కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు.

తల జరిగే తీరు ఇంకా అందంగా ఉంటుంది. ‘క్లెన్సింగ్ బీమ్’ అనే మంత్రం ఒక రంగు ప్రాణులన్నిటికీ 2 దెబ్బ కొడుతుంది. కానీ బల్ల మీద ‘విగర్’ అనే ప్రాణి ఉంది. అది ఉంటే దెబ్బ దెబ్బగా తగలదు, తగిలినంత ఎదుగుదలగా మారుతుంది. అంటే పట్టీలో ఒక వైపు ప్రాణులన్నీ 2 చొప్పున పెరిగాయి. తర్వాత ‘సోల్ స్నఫర్స్’ అనే కార్డు అందరినీ 1 తగ్గిస్తుంది. ఫలితంగా ఒక వైపువి 1 పెరిగాయి, రెండో వైపువి 1 తగ్గాయి. పట్టీ మొత్తం ఒక గడి జరిగింది! కొట్టడానికి పుట్టిన దెబ్బ ఇక్కడ కూడిక చేసే యంత్రం పని చేసింది. ఆటగాళ్లిద్దరికీ ఇందులో ఎంపికే లేదు. అన్నీ నియమాలు చెప్పినట్టే జరుగుతాయి. అయినా ఈ ఆట ఎప్పటికైనా ముగుస్తుందా, ఎవరు గెలుస్తారు అని ముందుగా చెప్పగల సాధారణ పద్ధతి ఉండదు. ట్యూరింగ్ నిరూపించిన ఆగుదల సమస్యే అది.

ఇంత ఉన్న ఆటను బళ్లలోకి తీసుకురమ్మంటే వచ్చే అభ్యంతరాలు తెలిసినవే. మొదటిది, ఇది పేకాటే కదా అని. పేక విషయంలో కూడా చట్టం అంత మోటుగా చూడలేదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో 1967లోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని చెప్పింది. రెండో అభ్యంతరం మాత్రం బరువైనది. ఈ కార్డులను మూసిన పొట్లాల్లో అమ్ముతారు. లోపల ఏముందో విప్పేదాకా తెలియదు. అరుదైన కార్డు కోసం పొట్లం మీద పొట్లం కొనే పిల్లవాడి ఉత్సాహానికీ లాటరీకీ దూరం తక్కువ. వీడియో ఆటల్లో ఇలాంటి చీటీపెట్టెలను బెల్జియం 2018లో జూదం కింద లెక్కగట్టింది. కార్డుల కంపెనీలు దీన్ని తేలిగ్గా తీసిపారేసినా తల్లిదండ్రులు తీసిపారేయనక్కర్లేదు. పైగా ఇక్కడి సామాన్య కుటుంబానికి ఈ కార్డులు ఖరీదైనవి.

అయితే నియమాలను ఎవరూ పొట్లం కట్టి అమ్మడం లేదు. పాత నోటు పుస్తకం అట్ట కత్తిరించి ఇరవై ముక్కలు చేస్తే చాలు, పాము, చీమలు, ఎలుగుబంటి అన్నీ తయారవుతాయి. జాతీయ విద్యావిధానం–2020 మాధ్యమిక దశ నుంచే కోడింగ్ నేర్పాలంటోంది. కంప్యూటర్లు సరిపడా లేని బడుల్లో ఆ మాట కాగితం మీదే మిగిలిపోతోంది. దొంతర అంటే ఏమిటి, ఒకేసారి మారడం అంటే ఏమిటి, వరస మారితే ఫలితం ఎందుకు మారుతుంది అన్న మూడు పాఠాలకు కరెంటు కూడా అక్కర్లేదు. ఏడో తరగతి పిల్లలను మూడు జట్లు చేసి, ఒకే పామును, ఒకే ఆరు చీమలను మూడు నియమాలతో ఆడించి, ఫలితాలు ఎందుకు వేరయ్యాయో వాళ్ల చేతనే చెప్పించవచ్చు. చెప్పాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఇందులో నిజం పాము ఏది అని. అప్పుడు పాము కాటుకు విషం లెక్క వేరుగా ఉంటుందని, అది రాత్రికి చెరగదని చెప్పి, నాలుగో నియమం వాళ్లనే రాయమనాలి. మ్యాజిక్‌లో దానికి సరిపోయే నియమం ఇప్పటికే ఒకటుంది. కొన్ని ప్రాణులు కొట్టే దెబ్బ రాసి తుడిచే దెబ్బ కాదు, గట్టిదనాన్నే శాశ్వతంగా తగ్గించే బిళ్లగా మారుతుంది. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకూడదు, అంతే.